ఐఎఫ్‌ఎస్ వచ్చింది. మొదటి మూడు నాలుగేళ్లు అసలు ఏం చేయిస్తారు? భాష ఏది పెట్టుకోవాలి?

మసూరీకి టికెట్:

అందరికీ నమస్కారం. ఈసారి సివిల్స్‌లో నాకు ఐఎఫ్‌ఎస్ అలాట్ అయింది. ఫారెస్ట్ కాదండీ, ఫారిన్. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా పెద్దమ్మ అప్పుడే వీధంతా మా పిల్లకి అడవుల్లో ఉద్యోగం వచ్చిందని చాటేసింది. నాన్న సంతోషంగానే ఉన్నారు గానీ కలెక్టర్ కాలేదన్న వెలితి మాటల్లో తెలిసిపోతోంది. కాకినాడలో మా చుట్టాలకి సివిల్స్ అంటే కలెక్టరే, ఎర్రబుగ్గలు తీసేసి ఇన్నేళ్లయినా వాళ్ల కళ్లకి ఇంకా ఎర్రబుగ్గే కనిపిస్తుంది.

నా బాధ వేరే. ఆన్‌లైన్‌లో ఏది చూసినా ప్రిపరేషన్, ఆప్షనల్, ఇంటర్వ్యూలో ఏం అడిగారు, అక్కడితో సరి. సెలెక్ట్ అయ్యాక జూనియర్ డిప్లొమాట్ అనే మనిషి పొద్దున్నే ఆఫీసుకెళ్లి ఏం చేస్తుందో ఎవరూ చెప్పరు. విదేశీ భాష ఒకటి ఎంచుకోమంటారట, నాకు ఫ్రెంచ్ అంటే ఇష్టం, ఫ్రెండ్సేమో చైనీస్ పెట్టుకో డిమాండ్ ఉంటుంది అంటున్నారు. జీతం సంగతి కూడా ఒక్కో చోట ఒక్కోలా రాశారు. ఇక పెళ్లి. సంబంధాలు చూస్తున్నారు, మొన్న వచ్చిన అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్, "నువ్వు దేశాలు పట్టుకుని తిరుగుతుంటే అతనేం చేస్తాడే" అని మా అత్త అడిగితే నా దగ్గర జవాబు లేదు.

లోపలి సంగతి తెలిసినవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి, భయపెట్టినా పర్లేదు.

రిటైర్డ్ బాబాయి:

అభినందనలమ్మా. సర్వీసులో చాలాకాలం ఉండి బయటికొచ్చినవాణ్ణి, పేరెందుకులే.

ముందు వరస చెప్తాను. మసూరీ అకాడమీలో ఫౌండేషన్ కోర్సు, అన్ని సర్వీసులవాళ్లతో పాటే, మూడు నెలల పైచిలుకు. అది అవగానే ఐపీఎస్ వాళ్లు హైదరాబాద్ శివరాంపల్లిలోని పోలీసు అకాడమీకి వస్తారు, మీరు ఢిల్లీ వెళ్తారు, సుష్మా స్వరాజ్ ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్‌కి. 1986లో పెట్టిన సంస్థ, 2020లో ఆమె పేరు పెట్టారు. అక్కడ అంతర్జాతీయ చట్టం, వాణిజ్యం, ప్రోటోకాల్ క్లాసులు, మధ్యలో భారత దర్శన్ అని దేశమంతా తిప్పే పర్యటన, సైన్యంతో కొన్నాళ్లు, జిల్లాలో కొన్నాళ్లు. ఆ తర్వాత విదేశాంగ మంత్రిత్వ శాఖలో ఏదో ఒక డివిజన్‌లో కూర్చోబెడతారు. అది దాటాక మొదటి విదేశీ పోస్టింగ్, ఎంబసీలో థర్డ్ సెక్రటరీ, అంటే దౌత్యాధికారుల్లో కింది మెట్టు, లాంగ్వేజ్ ట్రైనీ. అప్పుడు నీ అసలు డ్యూటీ చదువుకోవడమే, ఆ భాష పరీక్ష పాసైతేనే సర్వీసులో కన్ఫర్మ్ చేస్తారు. తర్వాత సెకండ్ సెక్రటరీ.

ఇక పొద్దున్నే ఏం చేస్తారని అడిగావు. మనకి దేశదేశాల్లో ఎంబసీలు, హైకమిషన్లు, కాన్సులేట్లు అన్నీ కలిపి రెండు వందల దాకా ఉన్నాయి. ఐఎఫ్‌ఎస్ 'ఎ' అధికారులేమో, అంటే నీలా సివిల్స్ రాసి వచ్చేవాళ్లు, మొత్తం కలిపి వెయ్యి చిల్లర, అందులో చాలామంది ఢిల్లీలోనే ఉంటారు. ఇప్పుడు భాగించి చూసుకో. చిన్న దేశంలో అయితే ఒక రాయబారి, కింద ఒకరో ఇద్దరో అధికారులు. ఆ ఒకరు నువ్వే అయితే వీసాలు నువ్వే, వాణిజ్యం నువ్వే, యోగా దినోత్సవం నువ్వే, హెడ్ ఆఫ్ చాన్సరీ కూడా నువ్వే. హెడ్ ఆఫ్ చాన్సరీ అంటే పేరు గొప్పగా ఉంటుంది, చేసేది సంసారం. బిల్డింగ్ లీజు రెన్యూవల్, ఓనర్‌తో బేరం, లోకల్ డ్రైవర్ ఓవర్‌టైం, ఏసీ కంప్రెసర్ పోతే మూడు కొటేషన్లు, రెండేళ్ల తర్వాత ఆడిట్ వాళ్లొచ్చి మూడో కొటేషన్ మీద తేదీ ఏదని అడుగుతారు. మన సర్వీసులో పెద్ద పేరు తెచ్చుకున్న వాళ్లు కూడా ఈ మెట్టు ఎక్కి వచ్చినవాళ్లే.

మంత్రిగారి పర్యటన అంటే ఆ పదిరోజులు నిద్ర ఉండదు. నిమిషాల లెక్కన ప్రోగ్రాం వేయాలి, ఏ కారులో ఎవరు, జెండా ఏ కారుకి, ఎవరికి ఉల్లి వెల్లుల్లి లేకుండా భోజనం, ఎవరి సూట్‌కేసు ఏ గదికి. అవతలి దేశం ప్రోటోకాల్ వాళ్లు చివరి నిమిషంలో మీటింగ్ హాలు మార్చేస్తారు, చిరునవ్వు మాత్రం చెరగకూడదు. ఎయిర్‌పోర్ట్ డ్యూటీ లేకుండా జూనియర్ డిప్లొమాట్ జీవితం లేదు. తెల్లవారుజామున మూడింటికి ఎవరో జాయింట్ సెక్రటరీ కనెక్టింగ్ ఫ్లైట్ దిగితే లాంజ్‌లో కాఫీ ఇప్పించి మళ్లీ ఎక్కించాలి.

వీటన్నిటికంటే జాగ్రత్తగా నేర్చుకోవాల్సింది నోట్సు. చర్చల్లో బల్ల చివర కూర్చుని రాసుకునేది జూనియరే. రికార్డింగులు ఉండవు, పెన్నూ కాగితమే. ముప్పావు గంట మాట్లాడుకుంటారు, రాత్రికల్లా రికార్డు తయారై ఢిల్లీకి వెళ్లాలి. కొత్తవాళ్లు మర్యాద మాటలు కూడా వదలకుండా అక్షరం అక్షరం రాసేస్తారు, దాంతో అసలైంది జారిపోతుంది. పోయినసారి "పరిశీలిస్తాం" అన్న మంత్రి ఈసారి "సానుకూలంగా పరిశీలిస్తాం" అన్నాడా, మనం రెండుసార్లు ఎత్తిన విషయానికి జవాబివ్వకుండా టీ తెప్పించాడా, అది పట్టుకోవాలి. మీ రాయబారి నిన్ను అంచనా వేసేది ఆ రెండు పేజీలతోనే.

టీవీలో కనిపించే భాగం వేరు. 2017లో అంతర్జాతీయ న్యాయస్థానానికి జస్టిస్ దల్వీర్ భండారీ రెండోసారి ఎన్నికైనప్పుడు న్యూయార్క్‌లో ఐక్యరాజ్య సమితికి మన శాశ్వత ప్రతినిధి హైదరాబాదీ సయ్యద్ అక్బరుద్దీన్, అందరూ ఆయన్నే చూశారు. అలాంటి ఎన్నికలంటే జనరల్ అసెంబ్లీలో 193 దేశాలు, పైగా భద్రతా మండలిలో విడిగా ఓటు. ఏ దేశం మాటిచ్చింది, ఏది తటపటాయిస్తోంది, ఎవరిని మళ్లీ కలవాలి అని పట్టికలు పట్టుకుని కారిడార్లలో తిరిగేది కింది అధికారులు.

భాష గురించి తర్వాత రాస్తాను, కళ్లు లాగుతున్నాయి.

మండలాఫీసు మనిషి:

మేడం, ఇంకా వయసుంది కదా, మళ్లీ రాయండి, ఐఏఎస్ వస్తుంది. మన జిల్లాలో ఉంటే నలుగురికీ ఉపయోగపడొచ్చు. అక్కడెక్కడో కోట్లేసుకుని పార్టీలకి తిరిగితే మన జనానికి ఒరిగేదేంటి? మీ నాన్నగారి వెలితిలో తప్పు లేదు.

సెక్షన్‌లో మూలబల్ల:

అన్నా, సలహా ఇచ్చే ముందు రూల్ చూడు. ఐఏఎస్‌లో గానీ ఐఎఫ్‌ఎస్‌లో గానీ చేరి కొనసాగుతున్నవాళ్లు మళ్లీ సివిల్స్ రాయడానికి లేదు. చేరాక ఆ తలుపు మూసినట్టే, కాబట్టి ఆ అమ్మాయి తేల్చుకునేదేదో ఇప్పుడే తేల్చుకోవాలి.

జగిత్యాల డ్రైవరు:

మండలాఫీసు అన్నా, జనానికి ఒరిగేదేంటి అన్నవు కదా, నేను చెప్తా. నేను సదువుకున్నోణ్ణి కాదు, గల్ఫ్‌లో ట్యాంకర్ నడుపుతా. దేశం పేరు ఎందుకులే.

మా రూంమేట్ ఒకాయన, కోరుట్ల దగ్గరి మనిషి, రాత్రి పడుకుని పొద్దున లేవలేదు. గుండెపోటు. మనిషి పోయిన బాధ ఒకటైతే, ఆ శవాన్ని ఇంటికి పంపుడు ఇంకో బాధ. ఆస్పత్రి కాగితం, పోలీసు కాగితం, డెత్ సర్టిఫికెట్, ఇంటి నుంచి భార్య సంతకంతో ఒప్పుకోలు పత్రం, ఎంబసీ వాళ్ల ఎన్‌ఓసీ, పాస్‌పోర్టు క్యాన్సిల్ ముద్ర, శవం పాడవకుండా మందు పెట్టినట్టు ఎంబామింగ్ సర్టిఫికెట్, అప్పుడు గానీ విమానం కార్గోవాళ్లు పెట్టె తీసుకోరు. వీటన్నిటికీ ముందు కఫీల్, అంటే పనికి పెట్టుకున్న యజమాని, సంతకం కావాలి. వాడు ఫోన్ ఎత్తడు. ఎత్తితే టికెట్ పైసలు, బాకీ జీతం అడుగుతరని భయం. శుక్ర, శనివారాలు ఆఫీసులు బంద్. ఎంబసీ నంబరుకి చేస్తే ఒక రోజంతా మోగుడే మోగుడు, ఎవరూ తీయలేదు, ఆ కోపం నాకు ఇంకా ఉంది.

ఆఖరికి ఆదివారం కౌంటర్ దగ్గరికి పోతే ఒక చిన్న ఆఫీసర్ బయటికొచ్చింది, ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఉత్తరాది అమ్మాయి, తెలుగు రాదు, హిందీలో అడిగి అంతా రాసుకున్నది. మా ముందే కఫీల్‌కు ఫోన్ కలిపి అరబీలో మాట్లాడింది. ఏం అన్నదో మొత్తం అర్థం కాలేదు గాని గొంతు పెంచలేదు, లేబర్ కోర్టు అన్న మాట మాత్రం రెండుసార్లు వినిపించింది. సాయంత్రానికి వాడు వచ్చి సంతకం పెట్టిండు. టికెట్ ఖర్చు మాత్రం ఇవ్వనన్నడు, దాన్ని ఎంబసీ దగ్గర కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ అని ఉంటది, అందులోంచి కట్టించింది. శంషాబాద్ నుంచి ఊరికి సర్కారు అంబులెన్స్ వచ్చింది. ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు తండ్రి ముఖం చూసుకున్నరు.

ఇక్కడ ఆమ్నెస్టీ, అంటే వీసా లేనోళ్లకు శిక్ష లేకుండ ఇంటికి పోయే మాఫీ, ఇచ్చినప్పుడు చూడాలి, పాస్‌పోర్టు లేనోళ్లు ఇంటికి పోయే కాగితం, ఔట్‌పాస్ అంటరు, దాని కోసం ఎంబసీ ముందు లైన్లు. కడప ఆడోళ్లు, గోదావరి జిల్లాల ఆడోళ్లు, మా నిజామాబాద్, కరీంనగర్ మొగోళ్లు. పాస్‌పోర్టు యజమాని దగ్గర, వీసా అయిపోయి ఏండ్లయితది, చేతిల ఒక జిరాక్స్ కాగితం కూడా ఉండదు. ఆ మనిషి మనోడే అని రుజువు చేసి కాగితం రాసిచ్చేది ఎవరు? రాయబారి సారు గాదు, ఇట్లాంటి చిన్న ఆఫీసర్లే.

చెల్లె, నువ్వు అరబీ నేర్చుకో. తెలుగొచ్చిన ఆఫీసర్ కౌంటర్‌లో ఉంటే మావోళ్లకు సగం ధైర్యం వస్తది.

మసూరీకి టికెట్:

అన్నా, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, కాసేపయ్యాక ఆ ఫండ్ గురించి ఇంకోసారి చెప్పమన్నారు. మా మేనత్త కూతురు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి చాలా ఇబ్బంది పడింది, అదీ ఆయనకి గుర్తొచ్చి ఉంటుంది.

బాబాయిగారూ, భాష సంగతి చెప్పండి. అలాగే జీతం గురించి ఎవరైనా.

సెక్షన్‌లో మూలబల్ల:

జీతం నేను చెప్తాను మేడం. నేను మీ కేడర్ కాదు, ఐఎఫ్‌ఎస్ 'బి'. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్ష రాసి విదేశాంగ శాఖలో ఏఎస్‌ఓగా, అంటే అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్‌గా వచ్చాను. ఈ దారి చాలామందికి తెలియదు, డిగ్రీ ఉంటే రాయొచ్చు, మాకూ విదేశీ పోస్టింగులు ఉంటాయి. ఏఎస్‌ఓకి బేసిక్ 44,900తో మొదలు, మీకు లెవెల్ 10, అంటే 56,100. డీఏ, ఇంటి అద్దె అవీ కలుస్తాయి. ఢిల్లీలో ఉన్నంతకాలం మీదీ మిగతా సర్వీసుల్లాంటి జీతమే, ఇంకా చెప్పాలంటే జిల్లాలో మీ బ్యాచ్‌మేట్‌కి బంగ్లా, జీపు, అటెండర్లు ఉంటే మీరు మెట్రోలో వచ్చి క్యాంటీన్ లైన్లో నిలబడతారు. ఆ తేడా కొందరికి చాలాకాలం మింగుడుపడదు.

బయటికి వెళ్లాక లెక్క మారుతుంది. ఫారిన్ అలవెన్స్ వస్తుంది, అది ఊరిని బట్టి, ర్యాంకుని బట్టి ఉంటుంది, దాని మీద ఇన్‌కంటాక్స్ లేదు. ఇల్లు ప్రభుత్వమే చూస్తుంది, వైద్యం, పిల్లల చదువు ఖర్చులకీ ఏర్పాటు ఉంది. మొత్తం మిగులుతుందని అనుకోకండి, డిప్లొమాట్ అన్నాక పదిమందిని ఇంటికి పిలిచి భోజనం పెట్టాలి, దానికి గ్రాంట్ ఉన్నా చేతి చమురు వదులుతుంది. పోస్టింగ్ మామూలుగా మూడేళ్లు, కష్టమైన స్టేషన్లయితే రెండేళ్లు. ప్యారిస్ చేసినవాళ్లకి తర్వాత కరెంటు సరిగ్గా లేని ఊరు పడుతుంది, అది శిక్ష కాదు, వంతు.

అడగకపోయినా ఒక మాట. ఢిల్లీ ఆఫీసులో అండర్ సెక్రటరీగా వచ్చిన రోజే ఫైలు మీద ఇంగ్లిష్ సాహిత్యం రాయకండి. పార్లమెంటు ప్రశ్న వచ్చిందంటే గడువు రోజుల్లో కాదు, గంటల్లో ఉంటుంది. పాత జవాబు ఎక్కడుందో, 2019లో ఏం చెప్పామో, రెండింటికీ పొంతన ఉందో లేదో సెక్షన్‌లో కూర్చున్న ముసలాయనకి తెలుసు. ఆయన్ని గారు అని పిలిచే ప్రొబేషనర్ ఫైలు ఒకలా నడుస్తుంది, వేలు చూపించి పిలిచేవాళ్ల ఫైలు ఇంకోలా నడుస్తుంది. ఎవరూ కావాలని ఆపరు. అంతే, మెల్లగా నడుస్తుంది.

పెట్టెలు సర్దే మొగుడు:

పెళ్లి సంగతికి ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి నేను రాస్తున్నా. మా ఆవిడ ఆఫీసర్, నేను ఆవిడతో దేశాలు తిరిగే మొగుణ్ణి. ఒకప్పుడు హైటెక్ సిటీలో టీమ్ లీడ్‌ని.

మీ అత్తగారు అడిగింది సరైన ప్రశ్నే. 1961 వియన్నా ఒప్పందం ప్రకారం డిప్లొమాట్ తన లాభం కోసం ఆ దేశంలో వేరే వృత్తి, వ్యాపారం చేయకూడదు. భార్యో భర్తో ఉద్యోగం చేయొచ్చా అన్నది దేశాన్ని బట్టి ఉంటుంది, ఆ దేశానికీ మనకీ ఒప్పందం ఉంటే అనుమతి అడగొచ్చు, లేకపోతే లేదు. ఇప్పుడు అందరూ రిమోట్ అంటారు గానీ మీ కంపెనీ ఆ దేశంలో కూర్చుని పనిచేయనివ్వాలి, అక్కడి పన్ను చట్టం ఒప్పుకోవాలి, టైమ్ జోన్ కలవాలి. నాకు ఒక పోస్టింగ్‌లో కలిసింది, ఇంకోదాంట్లో కలవలేదు, ఆ కాలమంతా పిల్లాణ్ణి స్కూల్లో దింపడం, సాయంత్రం విందుల్లో "మీరేం చేస్తుంటారు" అన్న ప్రశ్నకి నవ్వడం. ఆడవాళ్లు తరాలుగా నవ్వుతూనే ఉన్నారు లెండి, మొగవాడికి వచ్చేసరికి అదేదో త్యాగం అయిపోయింది.

ఆ మాటకొస్తే ఒకప్పుడు ఈ సర్వీసులో ఆడవాళ్లకి ఇంతకంటే ఘోరం. పెళ్లి చేసుకోవాలంటే రాతపూర్వకంగా ప్రభుత్వ అనుమతి అడగాలి, సంసారం ఉద్యోగానికి అడ్డమని తోస్తే రాజీనామా చేయమనొచ్చు. 1949లో చేరిన సి.బి. ముత్తమ్మ, సర్వీసులో మొదటి మహిళ, సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ రూల్స్‌ని గట్టిగా దులిపేశారు. కేసు నడుస్తుండగానే ఆ రూల్ ఎత్తేస్తున్నామని ప్రభుత్వం కోర్టుకి చెప్పింది. ఇప్పుడు ఆ బాధ లేదు, విదేశీయుణ్ణి చేసుకోవాలంటే మాత్రం ముందు అనుమతి కావాలి.

మా ఆవిడ పెళ్లిచూపుల్లోనే చెప్పేసింది, ఎక్కడ వేస్తారో తెలియదు, నీ ఉద్యోగం పోవచ్చు, మీ అమ్మకి ఒంట్లో బాగోలేకపోతే రెండు విమానాలు మారి రావాల్సి రావచ్చు అని. నేను ఆలోచించుకుంటానని చెప్పి నెల తీసుకున్నా. బెంగళూరు అబ్బాయికి కూడా ఈ మూడూ చెప్పండి. ఏం పర్లేదు, అన్నీ మేనేజ్ చేసుకుందాం అని వెంటనే అనేశాడంటే కొంచెం అనుమానించండి, వినలేదని అర్థం.

రిటైర్డ్ బాబాయి:

ఇప్పుడు భాష. నీ ర్యాంకు, నీ ఇష్టం, ఆ ఏడాది మంత్రిత్వ శాఖ అవసరం, అన్నీ చూసి ఇస్తారు, కాబట్టి ఒక్కటే పట్టుకుని కూర్చోకు. చైనీస్, అరబిక్, జపనీస్ ఎక్కువకాలం పడతాయి, స్పానిష్, ఫ్రెంచ్ తొందరగా వస్తాయి. జపనీస్ నేర్చుకుంటే పనికొచ్చే దేశం ఒకటి, అరబిక్‌కి అరబ్ లీగ్‌లోనే 22. ఫ్రెంచ్ అనగానే ప్యారిస్ గుర్తొస్తుంది, పోస్టింగ్ మాత్రం పశ్చిమ ఆఫ్రికాలో పడే అవకాశమే ఎక్కువ, అది మంచిదే, అక్కడ జూనియర్‌కి దొరికే పని ప్యారిస్‌లో దొరకదు. చైనీస్ వాళ్లు ఆ దేశం మీద నిపుణులవుతారు, తిరిగి తిరిగి అక్కడికే చేరతారు, అది నచ్చేవాళ్లకి నచ్చుతుంది.

డిమాండ్ అన్న మాట నమ్మకు, ఏ భాషకి ఎప్పుడు గిరాకీ వస్తుందో ఎవరికీ తెలియదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో మన మెడికల్ విద్యార్థులు చిక్కుకున్నప్పుడు, వాళ్లలో తెలుగు పిల్లలు ఎంతమందో నీకు తెలుసు, లివివ్, చెర్నివ్‌త్సీలో క్యాంప్ ఆఫీసులు పెట్టి రష్యన్ వచ్చిన అధికారుల్ని వెతికి మరీ పంపారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో సూడాన్, అక్కడి పోరులో చిక్కుకున్న మనవాళ్లని తెచ్చిన ఆపరేషన్ కావేరి. ఖార్తూమ్ నుంచి పోర్ట్ సూడాన్‌కి బస్సుల్లో, అక్కణ్ణుంచి ఓడల్లో, విమానాల్లో జెడ్డాకి. దారిలో తుపాకీ పట్టుకున్న కుర్రాడు బస్సు ఆపితే వాడితో మాట్లాడ్డానికి దుబాసీని వెతికే టైము ఉండదు.

డ్రైవర్ తమ్ముడి మాటే నా మాట కూడా. ఒక్క సంగతి, అరబిక్ చాలామంది కైరోలో నేర్చుకుంటారు, గల్ఫ్‌లో వాడుక వేరుగా ఉంటుంది, మొదట్లో నవ్వుతారు.

జగిత్యాల డ్రైవరు:

నవ్వుతరు సారూ, మేము కూడా నవ్వుతం. కైరో సినిమాల్లో లాగ మాట్లాడుతదని. నాలుగు నెలల్లో సర్దుకుంటది.

మసూరీకి టికెట్:

అందరికీ చాలా థాంక్స్. అరబిక్ మొదట, రష్యన్ రెండు, ఫ్రెంచ్ మూడు అని రాసుకున్నాను, ఫ్రెంచ్‌ని మూడోదానికి దింపడానికి మనసు కొంచెం మూలిగింది. బెంగళూరు అబ్బాయికి ఆదివారం ఫోన్ చేస్తున్నా. బాబాయిగారూ, నోట్సు రాయడం ఇప్పట్నుంచే ప్రాక్టీస్ చేయొచ్చా? ఎలా?

రిటైర్డ్ బాబాయి:

చేయొచ్చు. పార్లమెంటు చర్చ ఒకటి పెట్టుకో, అరగంట పెన్నుతో రాసుకో, వీడియో ఆపేసి ఒక్క పేజీలో తేల్చు, తర్వాత మళ్లీ చూసి ఏం జారిపోయిందో గుర్తు పెట్టు. ఆ ఆదివారం ఫోన్ కాల్ మీద కూడా ఒక పేజీ రాసి చూడు, అతను ఏ ప్రశ్నకి జవాబు చెప్పకుండా మాట మార్చాడో అందులో ఉండాలి.